సోడా మేడం వేసిన బంతి

మా ముత్తాత వెంకటాద్రి గారు పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెద్దమనిషి. పొలం గట్ల తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకాలైనా ఆయన అరుగు మీదే తేలేవి. మా తాత రాఘవయ్య గారు ప్రత్తి మిల్లు పెట్టారు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కట్టించారు, మద్రాసు నుంచి మోటారు కారు తెప్పించారు. ఆ కారు చూడ్డానికి పొరుగూళ్ళ వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. వీటిని నేను పెద్ద గొప్పలుగా లెక్కపెట్టను. చేతిలో డబ్బున్న ప్రతివాడూ ఏదో ఒకటి కట్టిస్తాడు, ఏదో ఒకటి తెప్పిస్తాడు. మా ఇంటి పేరు నిలిచింది భోజనాల దగ్గర. పెళ్ళయినా, పెద్దకర్మ అయినా చివరి మనిషి విస్తరి ముందు నుంచి లేచేదాకా మా తాతగారు కూర్చునేవారు కాదు, మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. వంటకి రాగి గుండిగలు నాలుగుండేవి. గాడిపొయ్యి మీద నుంచి దించాలంటే చెవుల్లోంచి కర్ర దూర్చి ఇద్దరు మనుషులు ఎత్తాలి. వాటి అంచుల మీద ఆయన పేరు చెక్కించారు.

నేను వాళ్ళ మనవణ్ణి. మా నాన్నగారి కాలంలో ప్రత్తికి తెల్లదోమ పట్టింది, పొగాకు ధర పడింది, మిల్లుకి తాళం పడింది. నేను గుంటూరు రోడ్డు మీద ఒక మిరపకాయల ఎగుమతి కంపెనీలో స్టోర్స్ ఆఫీసరుగా చేరి అక్కడే జుట్టు నెరిపించుకున్నాను. అందుకు నాకు సిగ్గు లేదు. చేసిన ఉద్యోగం తలెత్తుకునే చేశాను. కాస్త ఎక్కువే ఎత్తుకున్నానని ఒక మనిషి అనేవారు. ఇది ఆవిడ గురించి.

ఆవిడది పొన్నూరు. మా కంపెనీలో హెచ్చార్ ఆఫీసరు. పేరు రాయను. ఆఫీసులో ఎదురుగా మేడం గారనేవాళ్ళం, వెనకాల సోడా మేడం అనేవాళ్ళం. రెండో పేరు ఆవిడకి తెలుసు. కిందటి నెల, ఆవిడ పోయిన నలభయ్యోనాటి భోజనాలకి పొన్నూరు వెళ్ళాను. తిరిగొస్తూ బస్టాండులో పాత స్నేహితుడు కనపడితే మాట్లాడుతున్నాను. పక్క బడ్డీ దగ్గర ఎవరో గోలీసోడా కొట్టారు. టప్పుమంది. నేను మాట మధ్యలో ఆగిపోయాను. "ఏమైందిరా?" అన్నాడు వాడు. వాడికేం చెప్పను? పదేళ్ళకి పైగా మా ఆఫీసులో ఆ చప్పుడికి అర్థం ఒకటే: ఇక చాలు, నోరు మూసుకోండి అని.

*

ఆవిడ కొత్తగా వచ్చిన రోజు పరిచయం చేసుకోమంటే నేను మా ముత్తాత దగ్గర నుంచి మొదలుపెట్టాను. అది మా ఇంటి అలవాటు. ఎవరి మనిషివో చెప్పాకే నువ్వెవరో చెప్పాలి. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అంతా విన్నారు. నేను మా నాన్నగారి దాకా వచ్చేసరికి మెల్లగా, "సరేనండీ. తిన్నారా?" అన్నారు.

ఆ "తిన్నారా" ఆవిడ నోట్లో పలకరింపు కాదు, నిజంగా అడిగే ప్రశ్న. లేదంటే పని ఆపి పంపించేవారు. యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళని, లారీల మీద మిరపకాయ టిక్కీలు ఎత్తే హమాలీలని, జనరల్ మేనేజర్ గారిని, అందర్నీ అదే అడిగేవారు. టిక్కీ అంటే మా దగ్గర మిరపకాయలు కుక్కిన గోతం. తిన్నామని అబద్ధం చెప్పినవాళ్ళని "ఏం కూర?" అని రెండో ప్రశ్న వేసేవారు. అక్కడ దొరికిపోయేవాళ్ళం.

ఇంకో మాట, "రాసుకున్నాం కదండీ." ఎవరైనా రూలు పక్కన పెట్టమంటే కాదని చెప్పేవారు కాదు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, "చదువుతానండి" అని, ఆ రూలు మొదటి నుంచి చివరిదాకా తెలుగులో నెమ్మదిగా చెప్పేవారు. అయిపోయాక "రాసుకున్నాం కదండీ" అని గడియారం పెట్టుకునేవారు. ఎదుటివాడు అప్పటికే లేచిపోయి ఉండేవాడు.

ఇక సోడా. ఆ రోజుల్లో కంపెనీ పార్టీలు గుంటూరులో ఏదో ఒక హోటల్ హాల్లో జరిగేవి. ఏడింటికి మొదలు. అరగంట ఉపన్యాసాలు, ఆ తర్వాత సీసాలు. ఆవిడ ఎప్పుడూ వాహనంలో ఒక క్రేటు గోలీసోడాలు వేయించుకుని వచ్చేవారు. కుర్చీ పక్కన పెట్టుకుని, ఒక సీసా చేత్తో పట్టుకుని కూర్చునేవారు. ఎందుకండీ ఈ చాదస్తం, హోటల్లో కూల్ డ్రింకులు లేవా అని నేనొకసారి అడిగాను.

"ఖాళీ చెయ్యి చూస్తే మీ మగాళ్ళు ఊరుకోరండీ. 'మేడం ఒక్కటి, జ్యూసైనా, టచ్ చేయండి చాలు' అని చంపుతారు. చేతిలో సీసా ఉంటే ఇంక అడగరు."

"మీరేం తాగట్లేదుగా. పట్టుకునే ఉన్నారు."

"టైం రావాలిగా."

టైం వచ్చేది. ఎవడో ఒకడు గొంతు పెంచి, అక్కడున్న ఆడపిల్ల చీర మీదో నవ్వు మీదో మాట విసిరేవాడు. అప్పుడు ఆవిడ బొటనవేలితో గోలీ నొక్కేవారు. టప్. హాలంతా తల తిప్పేది. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా ఒక గుక్క తాగి సీసా కింద పెట్టేవారు. అంతటితో సరిపోయేది.

కానీ సోడాతో ఆగనిది ఇంకోటుంది. మా లాబ్‌లో సుజాత అని ఒకమ్మాయి ఉండేది. చిలకలూరిపేట వైపు పల్లెటూరు. చివరి బస్సు కోసం ప్రతి పార్టీ నుంచీ ఏడున్నరకి వెళ్ళిపోయేది. సీసాలు తెరిచేదే అప్పుడు. జీఎం గారి చుట్టూ కుర్చీలు లాక్కుని ఎవరెవరు కూర్చున్నారో, ఎవరు గ్లాసు నింపారో, ఎవరు జోకు వేశారో, ఆ మాటల్లోనే ఏ పోస్టు ఎవరికన్నది తేలిపోయేది. తెల్లారి ఆఫీసుకొచ్చేసరికి లాబ్ ఇన్‌చార్జి ఒక కుర్రాడు. వాడు సుజాత దగ్గర పని నేర్చుకున్నవాడే.

ఆ పిల్ల ఏడవలేదు. మేడం గారి గదిలోకి వచ్చి, నేనుండగానే, "మేడం, పైకి రావాలంటే నేను కూడా గ్లాసు పట్టుకోవాలా? చెప్పండి, నేర్చుకుంటాను," అంది.

ఆవిడ ఆ రోజు "తిన్నావా" అని అడగలేదు. అలా అడగకుండా ఉండటం నేను చూసింది అదొక్కసారే.

*

తర్వాత కొద్ది రోజులకే సూర్యలంక పిక్నిక్ వచ్చింది. ఆఫీసు వాళ్ళం, లాబ్ పిల్లలు, యార్డు మేస్త్రీలు, అందరం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. సాయంత్రం తిరుగు ప్రయాణానికి వ్యాను డ్రైవరు స్టీరింగు ముందు కూర్చున్నాడు కానీ, తాళంచెవి దూర్చే చోటు అతనికి దొరకడం లేదు. ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆవిడ వెళ్ళి వ్యాను మెట్టు మీద తలుపుకి అడ్డంగా కూర్చున్నారు.

"మేడం, వాడు రెండు పెగ్గులే వేశాడు. రోజూ నడిపే బండే కదా," అన్నారు జీఎం గారు.

"రోజూ తాగి నడపడుగా సార్."

"అందరూ ఎక్కుతారు, లేట్ అయిపోతోంది. జరగండి."

"నన్ను దాటి ఎక్కమనండి."

ఎవరు దాటుతారు? మగవాళ్ళు గొణిగారు, పిక్నిక్ పాడుచేసిందన్నారు. ఆవిడ అక్కడే కూర్చుని, గాలికి ఎగురుతున్న కొంగు నడుముకి దోపుకుని, సోడా కొట్టుకుని తాగారు. బాపట్ల నుంచి వేరే డ్రైవరు వచ్చేదాకా ఆ మెట్టు దిగలేదు. ఆ కొత్త డ్రైవరు రాగానే మొదట "తిన్నావా నాయనా?" అని అడిగి, అతనికి పులిహోర పెట్టించి, అప్పుడు లేచారు. మా డ్రైవరు అప్పటికి ఇసకలో గుర్రు పెడుతున్నాడు.

సోమవారం ఆవిడ పాలసీ రాసుకొచ్చారు. పై ఆఫీసుకి ఇంగ్లీషులో పంపి సంతకం తెప్పించారు. తర్వాత యార్డులో ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి తెలుగులో చదివారు. కంపెనీ జరిపే ఏ విందులోనూ మద్యం ఉండదు. అందరికీ ఒకే వంట, ఒకే చోట. పార్టీ పగటిపూట జరగాలి, చివరి బస్సు అందాలి. ఒక్కపొద్దు వాళ్ళకీ, ఉపవాసం వాళ్ళకీ వాళ్ళ వంతు తీసి పెట్టాలి. విందులో ఉద్యోగాల మాట ఎత్తకూడదు.

"అదేందమ్మా, తాగబాకండని కాయితం రాస్తే మానేత్తారా?" అంది నాగమ్మ. తొడిమలు తీసే వాళ్ళలో పెద్దది. మా ఊరి మనిషే.

"మానమని రాయలేదు నాగమ్మా. ఇంటికెళ్ళి తాగమని రాశాను."

ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. కొంతకాలం ఆ రూలు బాగానే నడిచింది. అయితే పార్టీలే తగ్గిపోయాయి. మందు లేకపోతే పార్టీ ఎందుకన్నారు పెద్దవాళ్ళు.

*

ఆ ఏడాది మిరప సీజను బాగా నడిచింది. సరుకు కొనడానికి విదేశాల నుంచి ఇద్దరు వస్తున్నారు. హైదరాబాదు నుంచి చైర్మన్ గారే స్వయంగా వస్తున్నారు. లాబ్ ఇన్‌చార్జి కుర్రాడు వేరే కంపెనీకి పోయాడు కాబట్టి ఆ కుర్చీ మళ్ళీ ఖాళీగా ఉంది. చైర్మన్ గారు ఉండగానే ఆ పోస్టు సంగతి తేలుతుందని అందరికీ తెలుసు.

జీఎం గారు మమ్మల్ని పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. తాడేపల్లి నుంచి రోజూ కారులో వచ్చేవారు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేవారు. కాకపోతే సంతోషం అనేది సీసాలోంచే వస్తుందని ఆయన నమ్మకం.

"సీజన్ ముగింపు విందు గ్రాండ్‌గా చేద్దాం. ఏసీ హాల్లో ఆఫీసర్లు, చైర్మన్ గారు, గెస్టులు. భోజనానికి ముందు డ్రింక్స్. యార్డు ఆడవాళ్ళకి గేటు దగ్గర బిర్యానీ ప్యాకెట్లు ఇచ్చేద్దాం."

ఆవిడ గడియారం విప్పబోయారు.

"చదవకండి మేడం, నాకు నోటికి వచ్చు," అన్నారాయన నవ్వుతూ. "ఈ ఒక్కసారికి పక్కన పెడదాం. చైర్మన్ గారితో కూడా మాట్లాడాను. ఈసారి బాగా జరిగితే ఆ రూలు పూర్తిగా తీసేద్దామన్నారు."

"ఆ రూలు తీసేస్తే నన్నూ తీసేయండి సార్."

"రిటైర్మెంటు ముందు ఎందుకండీ మీకీ పంతం?"

"ఒక పిల్లకి మాటిచ్చాను సార్. గ్లాసు పట్టుకోకుండానే పైకి రావచ్చని."

జీఎం గారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి. మీ తాతగారి బంగళాలో పొగాకు దొరలకి విస్కీ పోసేవాళ్ళట కదా. మర్యాదంటే మీకు తెలుసు."

నేను లేచి నిలబడ్డాను. మా తాతగారి పేరు ఎత్తినప్పుడు నేను కూర్చుని జవాబు చెప్పను.

"దొరలు తాగేవాళ్ళు. వాళ్ళ సీసా, వాళ్ళ గది. బంతి దగ్గరికి అది రాలేదు. వడ్డించే ఇంటివాడు ఏనాడూ ముట్టలేదు. ఇంకొకటి, మా ఇంటి ముందుకొచ్చిన మనిషికి పొట్లం కట్టి గేటు దగ్గర చేతిలో పెట్టడం మా వంశంలో లేదు."

"అయితే మీ గుండిగలు తెచ్చి వండించండి మరి," అన్నారాయన కాస్త వెటకారంగా.

"తెస్తాను."

బయట వరండాలో ఆవిడ నన్ను కిందా మీదా చూసి, "మెడ వంచకుండానే మంచిపని చేశారండీ ఇవాళ," అన్నారు. తర్వాత అడిగారు, "మీ తాతగారు ఎన్ని బంతులు వేసేవారు?"

"నాలుగు."

"ఎవరెవరికి?"

చెప్పాను. మొదటి బంతి ఎవరిదో, చివరి బంతి ఎవరిదో, చివరి బంతి ఎక్కడ కూర్చునేదో. ఆవిడ అంతా విని, "గుండిగలు మీవి కానివ్వండి. బంతి నాది. ఒకటే వేద్దాం," అన్నారు.

చివరికి బేరం ఇలా కుదిరింది. రాగి గుండిగల వంట అనేసరికి చైర్మన్ గారు ముచ్చటపడ్డారట, భోజనం అందరికీ యార్డు షెడ్డులోనే. కానీ దానికి ముందు హాల్లో మందు మాత్రం ఉంటుంది. "విస్తరి మీ ఇష్టం, గ్లాసు మా ఇష్టం," అన్నారు జీఎం గారు.

"గ్లాసు లేస్తే నేను లేస్తాను సార్," అన్నారావిడ. "భోజనాలు వడ్డించి పొన్నూరు బస్సెక్కుతాను. మళ్ళీ రాను."

ఆవిడ బెదిరించే మనిషి కాదు. ఆ సంగతి మా అందరికంటే సుజాతకి బాగా తెలుసు. ఆ వారమంతా ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు.

*

గుండిగలకి కళాయి పెట్టించి, చింతపండుతో తోమించి లారీలో తీసుకొచ్చాను. షెడ్డు వెనక గాడిపొయ్యి తవ్వారు. తెల్లవారేసరికి కందిపప్పు ఉడుకుతోంది. గోంగూర, మునక్కాయ సాంబారు, కోడికూర, పులిహోర, కొత్త ఆవకాయ, గడ్డపెరుగు. మాంసం తినేవాళ్ళకీ, తిననివాళ్ళకీ వేరే బంతులు వేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు. తిననివాళ్ళు విస్తరి కొస మడుచుకుంటే చాలు, కోడికూర గరిటె ఆ విస్తరి మీదకి రాదు. వడ్డించే వాళ్ళకి ఆవిడ ముందే అలవాటు చేయించారు.

పదిన్నరకి జీఎం గారి అసిస్టెంటు స్టోర్స్‌కి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, రెండు ఖాళీ గోతాలు ఇప్పించండి, అర్జెంటు." చేతికందినవి రెండు ఇచ్చాను. ఎందుకని అడగలేదు. గుండిగలు దించే హడావుడిలో ఉన్నాను.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. కొత్తగా వచ్చినవాడు మా కంపెనీ గేటు దాటాడంటే తుమ్ముతాడు, దగ్గుతాడు, కళ్ళు తుడుచుకుంటాడు. కొద్ది నెలలకి అవన్నీ పోతాయి. ఆ తర్వాత వాడికి మిరపఘాటు అనేది ఒకటుందనే గుర్తుండదు. మాలో ఎవరికైనా గోతం అంటే ఉత్త గోతమే. నేనిచ్చిన రెండూ తేజ మిరపకాయలు నింపి దులిపినవి. తేజ అంటే ఈ నేల మీద పండే వాటిలో మహా కారం. అసిస్టెంటు వాటిలో ఐసు దిమ్మ వేసి, హాలు వెనక నేల మీద పెట్టి, రోకలిబండతో పొడి పొడిగా కొట్టాడు. అందరూ అలాగే కొడతారు. గోతంలో వేయకపోతే ముక్కలు ఎగిరిపోతాయి.

హాల్లో నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చైర్మన్ గారు, ఇద్దరు గెస్టులు, జీఎం గారు, ఆఫీసర్లు. ఆవిడ కిటికీ పక్కన, చేతిలో కొట్టని సోడా. హ్యాండుబ్యాగు భుజానికి తగిలించుకునే ఉన్నారు. ఎప్పుడూ కుర్చీకి తగిలించే బ్యాగు అది.

గ్లాసుల్లో పోశారు, ఐసు వేశారు. ఐసు కాస్త ఎరుపు తిరిగిందేమో, విస్కీ రంగులో ఎవరికీ కనపడలేదు.

"మేడం, కనీసం ఆ సోడా అయినా పైకెత్తండి. కలిసి చీర్స్ చెబుదాం," అన్నారు జీఎం గారు.

"మీరు కానివ్వండి సార్."

గ్లాసులు లేచాయి.

మొదట చైర్మన్ గారికి ఎక్కిళ్ళు వచ్చాయి. గెస్టుల్లో పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టి టై లాక్కున్నాడు. అకౌంట్స్ ఆయన తుమ్మడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. మందులో కారం నీళ్ళలో కంటే బాగా దిగుతుంది. జీఎం గారి మొహం చెవుల దాకా ఎర్రబడింది. "నీళ్ళు, నీళ్ళు" అని ఆయనే జగ్గు అందుకుని గటగటా తాగారు. జగ్గులోనూ ఆ ఐసే. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు.

టప్.

ఆవిడ మొదటి సోడా చైర్మన్ గారి చేతిలో పెట్టారు. కిటికీ కింద క్రేటు ఉంది. రెండోది గెస్టుకి. టప్. మూడోది జీఎం గారికి. టప్, టప్. అంత తొందరలోనూ ఒక్కొక్కరికీ చెప్పారు, "మెల్లగా తాగండి, ముక్కులోకెక్కుద్ది."

ఊపిరి అందాక చైర్మన్ గారు, "ఏం పోశావయ్యా?" అన్నారు.

"స్కాచే సార్," అన్నాడు అసిస్టెంటు. "ఐసు గోతంలో కొట్టాను..."

"ఏ గోతం?"

వాడు నా వైపు చూశాడు. "తేజ," అన్నాను నేను.

చైర్మన్ గారు తండ్రి కాలం నుంచి మిరపకాయల్లో పుట్టి పెరిగిన మనిషి. కాసేపు మా ఇద్దర్నీ చూశారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అవి నవ్వువో కారానివో తెలియదు. "ఇన్నేళ్ళూ ప్రపంచానికి అమ్ముతున్నాం. మన సరుకేంటో మనమే మర్చిపోయాంరా," అన్నారు. గెస్టు కళ్ళు ఒత్తుకుంటూ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆ గోతంలోని సరుకే తనకి కావాలంటున్నాడని జీఎం గారు బొంగురు గొంతుతో తెలుగు చేశారు.

"అవునమ్మా, ఆ రూలేదో తీసేయాలన్నారే. ఏంటది?" అన్నారు చైర్మన్ గారు.

ఆవిడ గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. "చదువుతానండి."

కాగితం లేకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. మందు సంగతి, ఒకే వంట సంగతి, చివరి బస్సు సంగతి, ఒక్కపొద్దు వాళ్ళ వంతు సంగతి, పోస్టుల సంగతి. గొంతు ఎక్కడా పెరగలేదు.

"ఇందులో తీసేయాల్సింది ఏముందయ్యా?" అన్నారు చైర్మన్ గారు జీఎం గారితో.

జీఎం గారు చేతిలో సోడా వైపు చూసుకున్నారు. "ఏం లేదండి," అన్నారు. మనిషిలో ఆ నిజాయితీ ఉంది.

ఆవిడ గడియారం పెట్టుకున్నారు. తర్వాత భుజం మీది హ్యాండుబ్యాగు తీసి కుర్చీకి తగిలించారు. నాకు అదొక్కటే చాలు. ఆ రోజు ఇంకేం జరగకపోయినా నేను సంతోషంగా ఇంటికి వెళ్ళేవాణ్ణి.

*

షెడ్డులో విస్తళ్ళు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే వరస. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు. పక్కన ఎవరు పడితే వాళ్ళే పక్కన. ఆవిడ ఎవర్నీ ఎక్కడా కూర్చోబెట్టలేదు. వస్తున్నవాళ్ళని వరసలోకి తోశారు, అంతే. చైర్మన్ గారి ఒక పక్క హమాలీ మేస్త్రీ, ఇంకో పక్క సుజాత పడ్డారు. జీఎం గారు తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య పడ్డారు.

"ఏంది సారూ, కళ్ళు అట్టా ఎర్రబడినయ్యి?" అంటోంది ఒకామె. "మాకు రోజూ ఇట్టాగే ఉంటది. ఒక్కపూటకే ఏడిస్తే ఎట్టా?"

"పెరుగు ముందు వేయించుకోండి సారూ, సల్లబడుద్ది," అంటోంది ఇంకొకామె. ఆయనకి నవ్వక తప్పలేదు.

నేను మా తాతగారి పద్ధతిలో గుండిగల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వచ్చారు.

"కూర్చోండి."

"ఇంటివాడు చివరనండీ."

"ఇక్కడ ఇంటివాళ్ళు మీరు కాదుగా, కంపెనీ. కంపెనీ తరఫున నేనున్నా. కూర్చోండి, అదిగో ఖాళీ." నేను కదలకపోయేసరికి మెల్లగా, "మెడ వంచితే షెడ్డేం పడిపోదండీ," అన్నారు.

ఖాళీ ఉన్నది నాగమ్మ పక్కన. వాళ్ళ తాతలు మా ఇంట నాలుగో బంతిలో, పశువుల చావడి వెనక తిన్నవాళ్ళు. కూర్చున్నాను, వెన్ను నిటారుగానే పెట్టి.

"అబ్బాయిగోరూ, కాస్త జరగండి. మోకాలు పట్టట్లేదు," అంది నాగమ్మ.

జరిగాను. మేడం గారు నా విస్తరి దగ్గరే ఆగి, పప్పు గరిటె తనే అందుకుని వడ్డించారు. మా ఇంటి గుండిగలో పప్పు మా నాయనమ్మ పోయాక మళ్ళీ ఆ రోజే తిన్నాను. అంతసేపూ వరస చివర నుంచి చైర్మన్ గారి నవ్వు వినిపిస్తూనే ఉంది. సుజాత ఏదో చెబుతోంది, ఆయన అన్నం కలపడం ఆపి వింటున్నారు. పోస్టుల మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాతి వారం ఇంటర్వ్యూ ఆఫీసులో, పగలు, బల్ల ముందు జరిగింది. లోపలికెళ్ళిన పిల్ల ఎవరో చైర్మన్ గారికి తెలుసు, అది ఎలా ఆలోచిస్తుందో తెలుసు. లాబ్ ఇన్‌చార్జి అయి బయటికొచ్చింది. మేడం గారు ఎవరికీ సిఫారసు చేయలేదు. పక్కపక్కన రెండు విస్తళ్ళు వేశారు.

చివరి మనిషి లేచాక చూశాను. ఆవిడ షెడ్డు స్తంభానికి ఆనుకుని, నిలబడే, అరచేతిలో చిన్న విస్తరి పెట్టుకుని తింటున్నారు. అందరికంటే చివర. మా తాతగారి తర్వాత అలా తిన్న మనిషిని నేను చూడలేదు. మా తాతగారు నాలుగు బంతులు వేశారు. ఆవిడ ఒకటి వేశారు. మా వంశం గురించి ఎవరికీ తక్కువ చేసి చెప్పే అలవాటు నాకు లేదు, కానీ ఈ విషయంలో ఆవిడ మాకంటే పెద్దింటి మనిషి.

వెళ్ళి అడిగాను, "ఏం కూర?"

ఆవిడ నోటినిండా అన్నంతో నవ్వారు. మింగాక, "నిజం చెప్పండి. తెలిసే ఇచ్చారా ఆ గోతాలు?" అన్నారు.

"గోతాలు అడిగారు. ఇచ్చాను."

"మీ మొహం చూస్తే తెలీట్లేదండీ. రాతి మొహం." తను రిటైరైన రోజు దాకా అడుగుతూనే ఉన్నారు. నాకు తెలియదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. నమ్మకపోవడమే ఆవిడకి ఇష్టమని తర్వాత అడగడం, చెప్పడం ఒక ఆటైపోయింది.

ఆ రూలు అలాగే ఉంది. కంపెనీ మిగతా యూనిట్లకి కూడా పంపారు. ప్రతి ఏడూ సీజను చివర షెడ్డులో ఒకటే బంతి. జీఎం గారు ఇప్పుడు ఆ రోజు తనే ఒక క్రేటు గోలీసోడాలు తెప్పిస్తారు. బంతికి గెస్టులెవరైనా కొత్తగా వస్తే ఐసు కథ తనే మొదలుపెట్టి చెబుతారు. పొన్నూరులో ఆ నలభయ్యోనాడు ఆవిడ కొడుకు నన్ను గుమ్మంలో చూడగానే, "తిన్నారా?" అనడిగాడు. లేదన్నాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బంతిలో కూర్చోబెట్టాడు.

విందు జరిగిన ఆ ఏడాదే మా రాగి గుండిగలు నాలుగూ, మోసే కర్రలతో సహా, కంపెనీ క్యాంటీనుకి అమ్మేశాను. అంచుల మీద మా తాతగారి పేరు అలాగే ఉంది.